చనుపాలు విడిచిన పిల్లవలె

మా చిన్నతనంలో సాయంత్రం దీపాలు పెట్టిన తరువాత కుటుంబ ప్రార్థన జరిగేది. ఒకరు పాట ఎత్తుకునేవారు, వంతులవారీగా ఒక అధ్యాయం చదివేవారు, తరువాత అందరూ మోకాళ్లూని ప్రార్థించేవారు. పెద్దల ప్రార్థనలు పొడుగ్గా సాగేవి గనుక పిల్లల్లో ఎవరో ఒకరం మధ్యలోనే అమ్మమ్మ ఒడిలో నిద్రపోయేవాళ్లం. ఆమె ఎవరినీ తట్టి లేపేది కాదు. ఆ ప్రార్థనల్లో విన్న మాటలు చాలావరకు మరచిపోయాను గాని, పెద్దవాళ్లు దేవునితో మాట్లాడుతుండగా, వారి మధ్యలో, ఏమీ అడగకుండా, ఏదీ కావాలనిపించకుండా కళ్లు మూసుకోవడంలో ఉన్న నిశ్చింత మాత్రం ఈ వయసులో కూడా నాకు బాగా జ్ఞాపకం ఉంది.

అమ్మమ్మకు అన్నిటికంటే ఇష్టమైనది బైబిలులోని నూట ముప్పైయొకటవ కీర్తన. దావీదు పేరుతో ఉన్న ఆ కీర్తనలో ఉన్నవి మూడే వచనాలు. తన హృదయం గర్వించదనీ, తన కన్నులు మీద చూచునవి కావనీ, తనకు అందని గొప్ప సంగతుల జోలికి తాను పోననీ చెప్పి, చనుపాలు విడిచిన పిల్ల తల్లియొద్ద ఉన్నట్లు తన ప్రాణాన్ని నిమ్మళపరచుకున్నానని కీర్తనకారుడు అంటాడు. ఎంతోమంది పిల్లలను పెంచిన మనిషి గనుక అమ్మమ్మ దాన్ని చాలా సూటిగా వివరించేది. పాలు తాగే పిల్ల తల్లి దగ్గరకు వచ్చేది పాల కోసం. మాన్పించిన కొత్తలో అదే పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, తల్లి మీద అలుగుతుంది, తల్లికి తన మీద ప్రేమ పోయిందనుకుంటుంది. కొన్నాళ్లు గడిచాక వచ్చి ఊరికే ఒడిలో కూర్చుంటుంది, అప్పుడు దానికి కావలసింది తల్లి తప్ప పాలు కాదు. "దేవుని దగ్గరకు కూడా అట్లాగే రావాలి" అనేది ఆమె. చిన్నప్పుడు ఆ వివరణ నాకు తల్లీబిడ్డల ముచ్చటగానే వినిపించింది. ఇప్పుడు మనవలను దగ్గర ఉంచుకుని, వారి చుట్టూ ఉన్న లోకాన్ని చూస్తుంటే, బాల్యపు నిష్కపటత్వం గురించి నేను తరువాత విన్న ప్రసంగాలన్నిటికంటే ఆ మాటలోనే ఎక్కువ సారం ఉందని నాకు తోస్తోంది.

పసితనం అనగానే మనం ఏమీ తెలియనితనం అనుకుంటాం, లేదా ఏ పాపమూ అంటని స్థితి అనుకుంటాం. ఆ రెండూ పూర్తిగా సరికావని మా ఇంట్లోనే చూశాను. చెల్లెలు పుట్టినప్పుడు మా తమ్ముడికి ఇంకా మాటలు సరిగా రాలేదు. పసిబిడ్డను అమ్మ ఎత్తుకోగానే వాడి ముఖం నల్లబడేది. ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు ఆ బిడ్డ కాలు గిల్లేవాడు. వాడికి అసూయ ఎవరూ నేర్పలేదు. చాలా ఏళ్ల తరువాత అగస్టీను వ్రాసిన ఆత్మకథను చదువుతుంటే సరిగ్గా ఇదే దృశ్యం ఎదురైంది. క్రీస్తు శకం 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఆ దైవజనుడు, ఇంకా మాటలు రాని ఒక శిశువు తనతోపాటు పాలు తాగుతున్న మరొక శిశువు వైపు పాలిపోయిన ముఖంతో, కోపపు చూపుతో చూడడం తాను కళ్లారా గమనించానని వ్రాశాడు. శిశువులకు హాని చేసే బలం లేదు గాని మనసులో ఆ కోరిక లేదని చెప్పలేమని ఆయన భావం. ఇది పసిపిల్లలను నిందించే మాట కాదు. మనిషికి రక్షకుడు అవసరమని తొట్టెలో ఉన్నప్పటి నుంచే ఒప్పుకునే మాట.

అందుకు భిన్నంగా, శిశువు స్వభావం చేత మంచిదే, చెడంతా సమాజమే అంటిస్తుందనే ఆలోచనను పద్దెనిమిదవ శతాబ్దంలో తత్వవేత్త రూసో బలంగా ముందుకు తెచ్చాడు. బాలల విద్య గురించి 1762లో అంత గొప్పగా వ్రాసిన ఆ వ్యక్తి తన సొంత బిడ్డలను అనాథ శిశువుల ఆశ్రమానికి అప్పగించానని తానే చెప్పుకున్నాడు. ఆ సంగతి చదివినప్పుడు నాకు చాలా దుఃఖం కలిగింది. బాల్యాన్ని ఆరాధించడం ఒకటి, ఒక బిడ్డను భరించడం వేరొకటి. ప్రభువైన యేసు పిల్లల గురించి చెప్పిన మాటల్లో ఆరాధన కనిపించదు. సంతవీధుల్లో కూర్చుని, మేము పిల్లనగ్రోవి ఊదినా మీరు నాట్యమాడలేదు, మేము ప్రలాపించినా మీరు ఏడవలేదు అని ఒకరి మీద ఒకరు అలిగే పిల్లలను ఆయన చూశాడు, ఆ తరంవారిని వారితో పోల్చాడు. పిల్లల పంతాలూ అలకలూ ఆయనకు తెలుసు. అవి తెలిసే వారిని ఎత్తుకున్నాడు, చేతులుంచి ఆశీర్వదించాడు.

అటువంటప్పుడు పిల్లల్లో ఆయన చూసినది ఏమిటి? పరలోకరాజ్యంలో గొప్పవాడెవడని శిష్యులు అడిగినప్పుడు ఆయన ఒక చిన్నబిడ్డను పిలిచి వారి మధ్య నిలువబెట్టాడని మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయం చెబుతుంది. ఆ బిడ్డ పేరు మనకు తెలియదు. ఆ బిడ్డ ఏ ఘనకార్యమూ చేయలేదు, ఒక్క మాట కూడా పలకలేదు. పిలిస్తే వచ్చింది, అంతే. ఎవరు గొప్ప అని లెక్కలు వేసుకుంటున్న పెద్దల నడుమ, ఆ లెక్క ఊసే లేకుండా, పిలిచినవాని మీద నమ్మకంతో నిలబడింది. నాకు అర్థమైనంతవరకు క్రైస్తవ దృష్టిలో పసితనపు విలువ అక్కడే ఉంది: తాను సంపాదించనిదాన్ని సిగ్గుపడకుండా అందుకోగలగడం, ప్రేమించేవారు దగ్గర ఉంటే చాలుననుకోగలగడం. చనుపాలు విడిచిన పిల్ల గురించి అమ్మమ్మ చెప్పినది కూడా అదే.

సుఖం వెంట పరుగెత్తే సంస్కృతి మొట్టమొదట దోచుకునేది ఈ చాలుననుకునే గుణాన్నే అని నా నమ్మకం. పిల్లలు చూడరానివి చూస్తున్నారని, వినరానివి వింటున్నారని మనం బాధపడతాం, ఆ బాధ న్యాయమైనదే. అయితే దానికంటే ముందు, ఎవరి కంటా పడకుండా మరొకటి జరిగిపోతుంది. చేతిలోని తెర మీద ఒక బొమ్మల కథ ముగిసీ ముగియకముందే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. అది అయ్యాక ఇంకొకటి. అయిపోయిందే అని కాస్త దిగులుపడే వ్యవధి గాని, చూసినదాన్ని తలచుకుని తనలో తాను నవ్వుకునే వ్యవధి గాని ఆ బిడ్డకు దొరకదు. ప్రకటనలు మాట్లాడేది కూడా నేరుగా ఆ బిడ్డతోనే: ఇది నీ దగ్గర లేదు, అందుకే నీకు సంతోషం లేదు అని. కోరిక పుట్టకముందే దాన్ని పుట్టించి, పుట్టిన మరుక్షణమే దాన్ని తీర్చి, తీరిన వెంటనే మరొకదాన్ని చూపించే ఈ ఏర్పాటులో పాలు విడిచే దశ ఎన్నటికీ రాదు. మనిషి పెద్దవాడవుతాడు గాని ప్రాణం మాత్రం పాల కోసం ఏడుస్తూనే ఉంటుంది.

మరొక విషయం కూడా నన్ను కలవరపెడుతుంది. పసిపిల్లల చేత పెద్దల శృంగార గీతాలకు నృత్యం చేయించి, ఆ హావభావాలకు పెద్దలు చప్పట్లు కొట్టడాన్ని ఇప్పుడు చాలామంది వినోదంగానే భావిస్తున్నారు. ఆ బిడ్డకు ఆ పాట అర్థం తెలియదు, కనుక తప్పేముంది అంటారు. తెలియని బిడ్డను తెలిసినవారి కోరికకు వేషంగా తొడుగుతున్నాం గదా, తప్పు అక్కడే ఉంది. తమ నిష్కపటత్వాన్ని పిల్లలు తామంతట తాము పోగొట్టుకోవడం అరుదు. చాలాసార్లు పెద్దల సరదా కోసం అది వారి చేతుల్లోంచి తీసుకోబడుతుంది.

ప్రభువు కోపపడిన సందర్భాలు సువార్తల్లో తక్కువ. వాటిలో ఒకటి పిల్లల కోసమే. తల్లిదండ్రులు తమ పిల్లలను తెస్తుంటే శిష్యులు గద్దించారు. యేసు అది చూచి కోపపడ్డాడని మార్కు పదవ అధ్యాయంలో వ్రాశాడు. చిన్నబిడ్డను మధ్యలో నిలువబెట్టిన ఆ సందర్భంలోనే, తనయందు విశ్వాసముంచే ఈ చిన్నవారిలో ఒకనిని అభ్యంతరపరచేవాడు, అంటే తప్పుదారి పట్టించేవాడు, మెడకు పెద్ద తిరుగటిరాయి కట్టబడి సముద్రంలో ముంచివేయబడడం వానికి మేలని ఆయన అన్నాడు. ఆ మాటను మా సండే స్కూల్లో ఎవరూ మా చేత కంఠస్థం చేయించలేదు. పిల్లలను రానియ్యమన్న వాక్యాన్నే చేయించారు. అది సరైనదే అనుకుంటాను, ఎందుకంటే తిరుగటిరాయి మాట పెద్దల కోసం చెప్పినది, పెద్దలే దాన్ని కంఠస్థం చేయాలి.

ఆ హెచ్చరిక వెలువడిన లోకం ఎటువంటిదో ఆలోచిస్తే దాని బరువు ఇంకా తెలుస్తుంది. ఈజిప్టు ఇసుకలో దొరికిన ఒక పాత ఉత్తరం ఉంది. క్రీస్తు పూర్వం 1వ సంవత్సరంలో, అంటే యేసు పుట్టిన కాలానికి చాలా దగ్గరలో, హిలారియోను అనే కూలి దూరాన ఉండి గర్భవతియైన భార్యకు వ్రాసినది. ఆమె మీద ఎంతో ప్రేమతో వ్రాస్తూనే, పుట్టేది మగబిడ్డ అయితే ఉంచుకొమ్మనీ, ఆడబిడ్డ అయితే పారవేయమనీ మామూలు మాటగా చెబుతాడు. రోమా సామ్రాజ్యంలో అది అలవాటు, పెద్దల అవసరానికీ సౌఖ్యానికీ లోబడి శిశువు బ్రతుకు ఉండేది. ఆది సంఘపు విశ్వాసులకు బోధగా ఉపయోగపడిన దిదఖే అనే చిన్న పుస్తకం పుట్టిన శిశువును చంపకూడదని స్పష్టంగా నిషేధించింది. 374లో చక్రవర్తి వాలెంటీనియను శిశుహత్యను మరణశిక్షకు తగిన నేరంగా ప్రకటించాడు. ఒక బిడ్డను ప్రభువు చేతుల్లోకి ఎత్తుకున్న దృశ్యం ఒక నాగరికత మనస్సాక్షిలో ఇంకడానికి మూడు శతాబ్దాలకు పైగా పట్టింది. ఇప్పుడు ఆ తడి ఆరిపోతున్నదేమోనన్న భయం కొన్ని రోజులు నన్ను నిద్రపోనివ్వదు.

సండే స్కూల్ మాట వచ్చింది గనుక దాని గురించి కొంచెం చెప్పాలి. ఆదివారం ఉదయం ఆరాధనకు ముందు పిల్లలందరం చాపల మీద వరుసగా కూర్చునేవాళ్లం. మా టీచరమ్మ పెద్దగా చదువుకున్న మనిషి కాదు. యాజకుడైన ఏలీ దగ్గర పెరుగుతూ దేవుని మందిరంలో పడుకున్న బాలుడైన సమూయేలును దేవుడు పేరు పెట్టి పిలిచిన కథ చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గించేది, మేమంతా ముందుకు వంగేవాళ్లం. ఆ రాత్రి చీకట్లో నన్ను కూడా ఎవరైనా పిలుస్తారేమోనని మెలకువగా ఉండడానికి ప్రయత్నించిన సంగతి నాకు గుర్తుంది. పిలుపు వినపడలేదు, నిద్ర వచ్చేసింది. అయినా దేవుడు పిల్లలతో మాట్లాడతాడన్న నమ్మకం ఆ రాత్రి నుంచే నాలో నిలిచిపోయింది. బ్రిటన్‌లోని గ్లౌస్టరులో రాబర్ట్ రైక్స్ 1780లో మొదలుపెట్టిన ఆదివారపు బడి ఈ సండే స్కూళ్ల వ్యాప్తికి పెద్ద ఊపునిచ్చిందని తరువాత తెలుసుకున్నాను. వారమంతా కార్మికశాలల్లో పనిచేసి, సెలవు దొరికే ఆ ఒక్క రోజున వీధుల్లో తిరిగే పిల్లలు ఆయన దగ్గర అక్షరాలూ లేఖనాలూ నేర్చుకున్నారు. ఆనాడు పిల్లల నుంచి బాల్యాన్ని లాక్కున్నది పని. ఈనాడు, కనీసం తిండికీ చదువుకూ లోటు లేని ఇళ్లలో, దాన్ని లాక్కుంటున్నది వినోదం. మొదటిదాన్ని చూసి జాలిపడడం సులువు. రెండవదానిలో పిల్లలు నవ్వుతూ కనిపిస్తారు గనుక జాలి కలగదు.

ఇక అమ్మమ్మ తరచుగా చెప్పిన మరొక సంగతి. అపొస్తలుడైన పౌలు తన శిష్యుడైన తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయంలో, అంత్యదినములలో మనుష్యులు ఎలా ఉంటారో చెబుతూ, దేవునికంటె సుఖానుభవమును ఎక్కువగా ప్రేమించువారు అన్న మాట వస్తుంది. మన కాలానికి ఇంతకంటే సరిపోయే వర్ణన లేదు. అయితే ఆ అధ్యాయం అక్కడితో ఆగదు. అదే అధ్యాయంలో, కొంచెం దిగువన, బాల్యము నుండి పరిశుద్ధ లేఖనములను నీవెరుగుదువు అని తిమోతికి పౌలు గుర్తుచేస్తాడు. అంతకు ముందే, మొదటి అధ్యాయంలో, ఆ విశ్వాసం మొదట అతని అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను నివసించినదని పేర్లు పెట్టి చెప్పాడు. సుఖాన్ని దేవుడుగా చేసుకున్న యుగానికి జవాబుగా పౌలు చూపించినది ఒక అవ్వ, ఒక తల్లి, వారు పెంచిన ఒక పిల్లవాడు. అమ్మమ్మకు ఈ లోయి అంటే వల్లమాలిన అభిమానం. బైబిలు మొత్తంలో ఆ స్త్రీ పేరు ఒక్కసారే వస్తుంది. ఆమె పలికిన ఒక్క మాట కూడా మనకు మిగలలేదు. "మనవడు మిగిలాడు గదా, ఇంకేం కావాలి" అనేది అమ్మమ్మ.

అమ్మమ్మ పెంపకంలో భయం తక్కువ. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. లోకం చెడ్డదన్న భయంతో పిల్లల సంతోషాలన్నిటినీ అనుమానంగా చూసే భక్తిగల ఇళ్లను కూడా నేను ఎరుగుదును. అక్కడ నవ్వు వినబడితే ఎవరో ఒకరు తలుపు తీసి చూసేవారు. ఆ ఇళ్లలో పెరిగిన కొందరు, బయటికి అడుగుపెట్టగానే, ఇన్నాళ్లూ దాచిపెట్టబడినదేమిటో చూద్దామని సుఖాల వెంట మరింత ఆకలిగా పరుగెత్తారు. దేవుడు సంతోషానికి శత్రువన్న అబద్ధాన్ని వారికి లోకం కంటే ముందు ఇల్లే నేర్పింది. పదహారవ కీర్తన చివర నీ సన్నిధిని సంపూర్ణ సంతోషము కలదు, నీ కుడిచేతిలో నిత్యము సుఖములు కలవు అని ఉంది. సుఖములు అన్న మాటను లేఖనం సిగ్గుపడకుండా వాడింది. మేము వానలో గంతులు వేస్తే అమ్మమ్మ గడపలో కూర్చుని చూసేది. సాయంత్రం ప్రార్థనలో ఆ వానను బట్టి, మా గంతులను బట్టి కూడా దేవునికి స్తోత్రాలు చెల్లించేది. మేము ఆడుకున్న ఆట పేరు ప్రార్థనలో వినబడితే మాకు ఎంత గర్వంగా ఉండేదో! ఇచ్చినవాడు ఎవరో తెలిసినప్పుడు సంతోషం దురాశగా మారడానికి తొందరపడదు. ఇచ్చినవానిని మరచి ఇచ్చినదాన్నే పిండుకోవడం మొదలుపెట్టిన నాడు ఎంత దొరికినా తీరదు. కన్నులు ఆశించినదాన్ని దేనినీ తాను వాటికి నిరాకరించలేదని చెప్పిన ప్రసంగి గ్రంథకర్త, ఆ లెక్కంతా చూసుకుని, అది గాలికై ప్రయాసపడడమే అన్నాడు.

అగస్టీను జీవితంలో నన్ను కదిలించే ఘట్టం మరొకటుంది. యౌవనమంతా భోగాలలో గడిపి, వాటిని విడవాలనుకుని విడవలేక, 386లో మిలాను నగరంలోని ఒక తోటలో ఆయన ఏడుస్తూ కూర్చున్నాడు. అప్పుడు పక్క ఇంటి నుంచి ఒక పసిగొంతు, మగపిల్లవాడిదో ఆడపిల్లదో ఆయనకే తెలియలేదు, తీసుకుని చదువు, తీసుకుని చదువు అని పాటలా పలకడం వినిపించింది. పిల్లలు ఏ ఆటలోనైనా అలా పాడతారా అని ఆలోచించాడు, అటువంటిది ఎన్నడూ విన్నట్లు గుర్తురాలేదు. లేచి వెళ్లి రోమా పత్రిక తెరిస్తే అల్లరి విందులనూ మత్తునూ కామవిలాసాలనూ విడిచి ప్రభువైన యేసుక్రీస్తును ధరించుకొమ్మన్న వాక్యం కంటబడింది. శిశువుల్లో సైతం అసూయను చూసి పాపపు లోతును చెప్పిన మనిషే, ఆ లోతులోంచి తనను లేపిన గొంతు ఒక పిల్లదని వ్రాశాడు. ఆ పిల్లకు తాను ఏమి చేసిందో ఎప్పటికీ తెలిసి ఉండదు.

పెద్దయ్యాక కూడా పిల్లలవలె ఉండమంటే తెలివిని వదులుకొమ్మని కాదు. దుష్టత్వము విషయమై శిశువులుగా ఉండుడి గాని బుద్ధి విషయమై పెద్దవారలై యుండుడి అని కొరింథీయులకు వ్రాసినప్పుడు పౌలు ఈ రెండింటినీ విడదీసి చూపించాడు. మన కాలం సరిగ్గా దీన్ని తిరగవేసింది. చెడు విషయంలో పిల్లలను తొందరగా పెద్దలను చేస్తున్నాం; బుద్ధి విషయంలో పెద్దలం ఎన్నేళ్లొచ్చినా, అనుకున్నది అనుకున్న క్షణాన దొరకకపోతే ఏడ్చే శిశువులుగా మిగిలిపోతున్నాం. పిల్లల చేతిలోంచి తెరను లాగే ముందు మన చేతిలోనిది పక్కన పెట్టాలని నేను మా పిల్లలతో తరచుగా అంటాను, వారు విసుక్కున్నా అంటాను. చాలుననడం ఎలాగో ఎదుట చూడకపోతే పిల్లలు దాన్ని ఎక్కడ నేర్చుకుంటారు?

ఇప్పుడు మా ఇంట్లో మనవడు, మనవరాలు సెలవులకు వస్తే రాత్రి పడుకోబోయే ముందు ఒక చిన్న భాగం చదివి వినిపిస్తాను. మొన్న వాడు, "అమ్మమ్మా, పరలోకంలో ఎప్పుడూ పాటలు పాడుతూ కూర్చోవాలా? ఆడుకోనివ్వరా?" అని దిగులుగా అడిగాడు. జెకర్యా ఎనిమిదవ అధ్యాయం తీశాను. దేవుడు తిరిగి నిలబెట్టబోయే యెరూషలేము వీధుల్లో వృద్ధులూ వృద్ధురాండ్రూ చేతికఱ్ఱలు పట్టుకుని కూర్చుంటారనీ, ఆ వీధులు ఆటలాడే మగపిల్లలతోను ఆడపిల్లలతోను నిండి ఉంటాయనీ ప్రవక్త వ్రాసిన మాటలు చదివాను. వాడి ముఖం విప్పారింది. మరొకసారి చదవమన్నాడు. చదివాక, "ఆడపిల్లలు కూడానా? చెల్లిని కూడా ఆటలో చేర్చుకోవాలా?" అని అడిగాడు. అవును నాన్నా, వాక్యంలో ఇద్దరూ ఉన్నారుగా అన్నాను. ఆ జవాబు వాడికి ఏమాత్రం నచ్చలేదు. కొంతసేపు ముఖం ముడుచుకుని కూర్చుని, తెల్లవారాక చెల్లెలిని ఒక్క ఆటకు మాత్రమే చేర్చుకుంటానని నాతో ఒప్పందం చేసుకున్నాడు.